నెట్ ఆగిందా, వైఫై ఆగిందా: ఇంటి రౌటర్ లెక్కలు

"వైఫై ఫుల్లుగా ఉంది, నెట్ మాత్రం రావట్లేదు." కేబుల్ ఆపరేటర్లకు వచ్చే ఫోన్లలో తరచూ వినబడే మాట ఇది. పొసగనట్టు అనిపించినా ఇందులో తప్పేమీ లేదు. ఫోన్ మీద కనబడే ఆ గీతలు ఫోనుకీ ఇంట్లో ఉన్న డబ్బాకీ మధ్య దారి ఎలా ఉందో చెబుతాయి, అంతే. ఆ డబ్బా నుంచి వీధి స్తంభానికి, అక్కడి నుంచి ఆపరేటర్ ఆఫీసుకు వెళ్లే దారి సంగతి వాటికి తెలియదు. ఇంటర్నెట్ వేరు, వైఫై వేరు. రౌటర్ కొనేటప్పుడు, బిగించేటప్పుడు, మొరాయిస్తే వెతికేటప్పుడు జరిగే పొరపాట్లలో చాలావాటికి ఈ రెండింటినీ ఒకటిగా చూడడమే కారణం.

తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో ఇప్పుడు ఇంటికి వచ్చే కొత్త కనెక్షన్ చాలావరకు ఫైబరే. కంపెనీ ఏదైనా ఇంట్లోకి దిగేది మాత్రం ఒకటే: సన్నని గాజు తీగ, దాని చివర ఒక ఓఎన్‌టీ డబ్బా. తీగలో వచ్చే వెలుతురును కంప్యూటర్‌కు అర్థమయ్యే విద్యుత్ సంకేతంగా మార్చడం ఓఎన్‌టీ అసలు పని. వాడుకలో దీన్నే మోడెమ్ అనేస్తారు. ఈ మధ్య ఇచ్చే ఓఎన్‌టీల్లో ఎక్కువ భాగం రౌటర్‌నూ వైఫైనీ కూడా కడుపులో పెట్టుకునే వస్తున్నాయి. అలాంటప్పుడు ఇంకో రౌటర్ ఎందుకంటే, తీగ వచ్చేది వీధి గుమ్మం పక్కకు, కంప్యూటర్లు ఉండేది లోపలి గదుల్లో. పైగా ఉచితంగా వచ్చిన ఓఎన్‌టీకి 2.4 గిగాహెర్ట్జ్ అనే నెమ్మది రకం వైఫై తప్ప మరొకటి ఉండకపోవచ్చు. రెండో డబ్బా కొనడం సబబే. గొడవంతా ఆ రెండింటినీ కలిపే తీరులో ఉంది.

రౌటర్ చేసే పని

ఆపరేటర్ ఇంటికి ఇచ్చే ఐపీ చిరునామా, అంటే నెట్ మీద ఆ ఇంటిని గుర్తించే అంకె, ఒక్కటే. ఇంట్లో మాత్రం ఒక డెస్క్‌టాప్, రెండు ల్యాప్‌టాప్‌లు, నాలుగు ఫోన్లు, ఒక టీవీ ఉంటాయి. అపార్ట్‌మెంట్‌కు వచ్చే పార్సిళ్లన్నీ గేటు దగ్గర దిగినట్టు బయటి నుంచి వచ్చేదంతా ఆ ఒక్క చిరునామాకే చేరుతుంది. ఏ ఫ్లాటు వాళ్లు ఏది తెప్పించుకున్నారో పుస్తకంలో రాసుకుని, వచ్చినదాన్ని వాళ్లకు చేర్చే వాచ్‌మన్ పని రౌటర్‌ది. ఈ పద్ధతి పేరు నాట్. లోపలి వాటికి చిరునామాలు పంచడం దాని రెండో పని, దాని పేరు డీహెచ్‌సీపీ. ఆ చిరునామాలు 192.168తోనో 10తోనో మొదలవుతాయి. ఇళ్లలో, ఆఫీసుల్లో లోపల వాడుకోవడానికని 1990ల్లోనే వీటిని విడిగా పెట్టేశారు. అందుకే విజయవాడ ఇంట్లోనూ వరంగల్ ఇంట్లోనూ అదే 192.168.1.5 ఉన్నా తగాదా రాదు. తీగల మీద వచ్చేవాటిని కలపడం మూడో పని, గాలిలో వచ్చేవాటిని కలపడం నాలుగోది.

ఈ నాలుగింట్లో మొదటి రెండూ ఇంట్లో ఒక్క డబ్బానే చేయాలి. చివరి రెండూ ఎన్ని డబ్బాలు చేసినా నష్టం లేదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పే సెట్టింగుల్లో సగం వాటంతటవే తేలిపోతాయి.

కొనేముందు డబ్బా మీద చూడాల్సింది

అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో ఏసీ1200 అని ఉంటుంది. అది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 300 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 867 కలిపి సున్నాలు సర్దిన అంకె. ఏ ఒక్క ల్యాప్‌టాప్‌కూ 1200 అందదు, ఎందుకంటే అది ఒకసారికి ఒక బ్యాండ్ మీదే ఉంటుంది. 867 అన్నది కూడా గాలిలో కుదిరిన లింకు వేగం. అదే గదిలో కూర్చున్నా చేతికొచ్చేది అందులో సుమారు సగం.

అంతకంటే ముఖ్యమైన విషయం పెట్టె వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది: పోర్టుల, అంటే కేబుల్ గుచ్చే రంధ్రాల, వేగం. 10/100 అని ఉంటే వైఫై ఎంత గొప్పదైనా తీగ నుంచి లోపలికి వచ్చేది 94, 95 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. 10/100/1000 అని ఉంటే గిగాబిట్. 40 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంటికి మొదటిది చాలు. 200 ప్లాన్ తీసుకుని 100 పోర్టున్న రౌటర్ కొంటే నెలనెలా సగం డబ్బు ఆ పోర్టు దగ్గరే ఆగిపోతున్నట్టు లెక్క.

ఇక్కడే మరో తికమక. ప్లాన్ వేగం మెగాబిట్లలో చెబుతారు, డౌన్‌లోడ్ వేగం కంప్యూటర్ మెగాబైట్లలో చూపిస్తుంది. ఎనిమిది బిట్లు ఒక బైట్. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద సినిమా ఫైలు సెకనుకు 12 మెగాబైట్ల దాకా దిగితే అది పూర్తి వేగమే. ఆపరేటర్‌తో పోట్లాడాల్సిన పని లేదు.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన రౌటర్ అయితే ప్లగ్‌లో పెట్టేముందు అడాప్టర్ మీద ఇన్‌పుట్ చదవాలి. 100–240 వోల్టులు అని ఉంటే పిన్ను మార్చే కన్వర్టర్ చాలు. 120 మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు అది కాలిపోతుంది.

రెండు డబ్బాల ఇల్లు

ఓఎన్‌టీ కూడా రౌటరే, కొన్నదీ రౌటరే. మధ్యలో ఒక లాన్ కేబుల్. ఆ కేబుల్ ఓఎన్‌టీ లాన్ (ఇంటి లోపలివైపు) పోర్టు నుంచి రౌటర్ వాన్ (బయటివైపు) పోర్టుకు వెళ్లాలని గైడ్లన్నీ చెబుతాయి. వాన్ పోర్టు మిగతా వాటికి కాస్త ఎడంగా, చాలా కంపెనీల్లో వేరే రంగులో ఉంటుంది. అయినా నాలుగు పోర్టుల్లో ఏదో ఒకదాంట్లో గుచ్చేయడం మామూలే. అప్పుడు జరిగేది వెంటనే బయటపడదు, అదే దాంతో వచ్చిన చిక్కు. ఓఎన్‌టీ, రౌటర్ రెండూ ఒకే తీగ మీద చిరునామాలు పంచడం మొదలుపెడతాయి. ల్యాప్‌టాప్ చిరునామా అడిగినప్పుడు ఎవరి జవాబు ముందు వస్తే దాన్నే పట్టుకుంటుంది. ఓఎన్‌టీ ముందు పలికితే నెట్ వస్తుంది. రౌటర్ ముందు పలికితే వాన్‌లో ఏమీ లేని దాన్ని నమ్ముకుని ఆ ల్యాప్‌టాప్ గుడ్డిగా నిలబడుతుంది. పొద్దున వచ్చిన నెట్ సాయంత్రం రాకపోవడం, నాన్న ఫోన్‌లో వచ్చి అమ్మ ఫోన్‌లో రాకపోవడం వంటి వింతలు చాలాసార్లు ఇవే.

కేబుల్ సరిగ్గా వాన్‌లోనే పెట్టినా మరో గొయ్యి ఉంది. ఓఎన్‌టీ చిరునామా 192.168.1.1, కొత్త రౌటర్ సొంత చిరునామా కూడా 192.168.1.1. రౌటర్‌కు బయటివైపు, లోపలివైపు ఒకే వీధి పేరు అన్నమాట. ఏ ఉత్తరం ఎటు పంపాలో దానికి తేలదు. కొత్త రౌటర్లు కొన్ని దీన్ని పసిగట్టి తమ చిరునామాను తామే మార్చుకుంటాయి. పాతవి చేయవు. బ్రౌజర్‌లో రౌటర్ చిరునామా కొట్టి తెరిచే సెట్టింగుల పేజీలో లాన్ అనే చోటికి వెళ్లి రౌటర్‌ను 192.168.5.1 చేస్తే గొడవ తీరిపోతుంది.

ఈ రెండు డబ్బాలను కలపడానికి దారులు మూడు. మొదటిది, పైన చెప్పినట్టు వాన్‌లో పెట్టి రెండింటినీ రౌటర్లుగానే వదిలేయడం. దీన్ని డబుల్ నాట్ అంటారు. బ్రౌజింగ్, వీడియోలు, ఆన్‌లైన్ క్లాసులు హాయిగా నడుస్తాయి. అయితే ఓఎన్‌టీ వైఫైకి తగిలిన ల్యాప్‌టాప్‌కు రౌటర్ వెనకున్న ప్రింటర్ కనబడదు, ఎందుకంటే అవి రెండు వేర్వేరు నెట్‌వర్కులు. గేముల్లో వాయిస్ చాట్ కొన్నిసార్లు తెగుతుంది.

రెండోది బ్రిడ్జ్ మోడ్. ఓఎన్‌టీ వెలుతురును మార్చే పని మాత్రం చేసి పక్కకు తప్పుకుంటుంది, లాగిన్ నుంచి నాట్ దాకా అన్నీ రౌటర్ చూసుకుంటుంది. సాంకేతికంగా శుభ్రమైన పద్ధతి ఇదే. కానీ ఓఎన్‌టీ అడ్మిన్ పాస్‌వర్డ్ చాలావరకు ఆపరేటర్ దగ్గరే ఉంటుంది, ఆయన మార్చి ఇవ్వాలి. ల్యాండ్‌లైన్ ఫోన్, టీవీ సేవ అదే ఓఎన్‌టీ నుంచి వస్తుంటే వాటి సంగతి ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

మూడోది చాలా ఇళ్లకు సరిపోయేది. ఓఎన్‌టీని రౌటర్‌గా ఉంచి, కొన్న రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా మార్చేయడం. అంటే దాని చేత నాట్, డీహెచ్‌సీపీ మానిపించి తీగలు కలపడం, వైఫై ఇవ్వడం మాత్రమే చేయించడం. కొత్త వాటిలో ఆపరేషన్ మోడ్ అనే చోట ఇది ఒక్క నొక్కుతో అవుతుంది. ఆ వీలు లేని పాత రౌటర్‌నూ చేతితో మార్చవచ్చు. దాన్ని ఓఎన్‌టీకి కలపకుండా విడిగా ఒక కంప్యూటర్‌కు లాన్ కేబుల్‌తో తగిలించి సెట్టింగుల పేజీ తెరవాలి. ముందు వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టేయాలి. తర్వాత లాన్ చిరునామాను 192.168.1.2 చేయాలి. ఓఎన్‌టీ చిరునామాలను ఏ అంకె నుంచి పంచుతోందో అందులో ఒకసారి చూసుకోవాలి. చాలావాటిలో అది 192.168.1.2 నుంచే మొదలవుతుంది. అలా ఉంటే ఓఎన్‌టీలో ఆ వరుసను 10 నుంచి మొదలయ్యేలా మార్చాలి. ఓఎన్‌టీలోకి వెళ్లే వీలు లేకపోతే రౌటర్‌కే వరుస బయట ఉన్న అంకె, ఉదాహరణకు వరుస 200 దగ్గర ముగుస్తుంటే 192.168.1.250, ఇవ్వాలి. సేవ్ చేయగానే పేజీ తెగిపోతుంది, కంగారు పడక్కర్లేదు. కొత్త చిరునామాతో మళ్లీ తెరిచి డీహెచ్‌సీపీ సర్వర్‌ను ఆపేయాలి. ఆఖరున ఓఎన్‌టీ లాన్ నుంచి రౌటర్ లాన్‌కు కేబుల్. వాన్ ఖాళీగా ఉండాలి. ఇందాక తప్పన్న లాన్-టు-లాన్ ఇక్కడ ఒప్పయింది. చిరునామాలు పంచే డబ్బా ఒక్కటే మిగలడమే తేడా.

ఈ వరుస తప్పితే, అంటే డీహెచ్‌సీపీ ముందే ఆపేసి చిరునామా మార్చడం మరిచిపోతే, మళ్లీ రౌటర్ పేజీ తెరుచుకోదు. కంప్యూటర్‌కు చేతితో 192.168.1.50 లాంటి చిరునామా ఇచ్చుకుని లోపలికి వెళ్లాలి, లేదా రీసెట్ కొట్టి మొదటికి రావాలి. కొత్త చిరునామాను ఒక చీటీ మీద రాసి డబ్బా అడుగున అంటించడం పాత పద్ధతే కానీ ఏడాది తర్వాత ప్రాణం నిలబెట్టేది అదే.

సెట్టింగుల పేజీలో

రౌటర్‌నే అసలు గేటుగా వాడేవారికి ముందు తేల్చుకోవాల్సింది వాన్ రకం. పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లే కనెక్షన్ అయితే పీపీపీఓఈ. ఏమీ అడగకుండా వచ్చేదైతే డైనమిక్ ఐపీ. చిరునామా, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్ నాలుగూ కాగితం మీద రాసిస్తే స్టాటిక్. పీపీపీఓఈలో ఒక యూజర్‌నేమ్‌కు సాధారణంగా ఒకే సెషన్ ఇస్తారు. అదే పేరు ఓఎన్‌టీలోనూ రౌటర్‌లోనూ కొడితే ఒకటి ఎక్కగానే రెండోది దిగిపోతుంది. కొన్ని నెట్‌వర్కుల్లో వీల్యాన్ నంబర్, అంటే ఒకే తీగలోని వేర్వేరు దారులను విడదీసే అంకె, కూడా ఇవ్వాలి. పేరు, పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా కనెక్టింగ్ దగ్గరే తిరుగుతుంటే అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

కొందరు ఆపరేటర్లు మొదట తగిలించిన పరికరం మ్యాక్ చిరునామాకు, అంటే తయారీలోనే దానికి వేసిన గుర్తింపు అంకెకు, కనెక్షన్‌ను కట్టేస్తారు. నిన్నటిదాకా కేబుల్‌ను నేరుగా కంప్యూటర్‌కు పెట్టుకుంటే పనిచేసి, రౌటర్ పెట్టగానే ఆగిపోయిందంటే అనుమానం దీని మీదికే వెళ్లాలి. మ్యాక్ క్లోన్ అనే చోట ఆ కంప్యూటర్ మ్యాక్‌ను రౌటర్‌కు అరువివ్వవచ్చు. లేదా ఆపరేటర్‌కు ఫోన్ చేసి పాతది తీసేయించవచ్చు. రెండోది మర్యాదైన దారి.

పీపీపీఓఈలో మరో సూక్ష్మం ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్‌లో (డేటా వెళ్లే మూటలో) పట్టే గరిష్ఠ బైట్ల లెక్క. మామూలు ఈథర్‌నెట్ ప్యాకెట్ 1500 బైట్లు. పీపీపీఓఈ తన తలపాగాకు 8 బైట్లు తీసుకుంటుంది కాబట్టి మిగిలేది 1492. అక్కడ 1500 అని ఉండిపోతే కొన్ని సైట్లు చిటికెలో తెరుచుకుని, మరికొన్ని, ముఖ్యంగా లాగిన్ పేజీలు, సగంలో నిలిచిపోతాయి. నెట్ ఉంది, అన్నీ ఉన్నాయి, ఆ ఒక్క సైటే రాదు. వైరస్ అనుకుని కంప్యూటర్ ఫార్మాట్ చేసినా తగ్గని జబ్బు ఇది.

తర్వాత అడ్మిన్ పాస్‌వర్డ్. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, సెట్టింగుల పేజీది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అడ్మిన్, అడ్మిన్ అనే జంటను అలాగే వదిలేసిన కెమెరాలను, రౌటర్లను 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల్లో లొంగదీసుకుని పెద్ద పెద్ద సైట్లను పడగొట్టింది. బయటి నుంచి సెట్టింగులు మార్చనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆఫ్‌లో ఉందో లేదో అప్పుడే చూసేస్తే మంచిది.

గాలిలో దారి

2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళుతుంది, గోడలు దాటుతుంది, కానీ రద్దీ ఎక్కువ. 5 వేగంగా ఉంటుంది, గోడల దగ్గర నీరసపడుతుంది. 2.4లో మన దేశంలో 13 చానెళ్లు ఉన్నా పక్కపక్క చానెళ్ల మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో వైఫైకి అంచులతో కలిపి కావాల్సింది 20కి పైనే. అందుకే ఒకదానికొకటి తగలకుండా పట్టేవి మూడే: 1, 6, 11. కూకట్‌పల్లి లాంటి చోట అపార్ట్‌మెంట్‌లో ఫోన్ తీసి చూస్తే ఇరవై వైఫై పేర్లు కనబడతాయి. వాటన్నిటికీ ఉన్నవి ఆ మూడు గదులే. ఖాళీగా ఉంది కదా అని 3నో 4నో ఎంచుకుంటే 1 వాళ్లకూ 6 వాళ్లకూ కూడా మనమే అడ్డమవుతాం, వాళ్లు మనకు అడ్డమవుతారు. ఒకే చానెల్‌లో ఉన్నవి ఒకరి మాట ఒకరు విని వంతులు వేసుకుంటాయి. సగం సగం కలిసే చానెళ్లలో ఉన్నవాటికి అవతలివాళ్ల మాట రొదలాగే వినబడుతుంది. 12, 13 కూడా వాడవచ్చు కానీ అమెరికాలో కొన్న కొన్ని ల్యాప్‌టాప్‌లకు అవి కనబడవు. ఇంట్లో అందరికీ వైఫై వచ్చి, అక్కడి నుంచి వచ్చిన అబ్బాయి ల్యాప్‌టాప్‌కే పేరు కూడా కనబడకపోతే చానెల్ ఎంతో చూడాలి. చానెల్ వెడల్పు 2.4లో 20 దగ్గర ఉంచడమే మేలు. 40 పెడితే అంకె పెరుగుతుంది, అపార్ట్‌మెంట్‌లో వేగం పెరగదు.

5 గిగాహెర్ట్జ్‌లో చోటు ధారాళం. 2018లో కేంద్రం ఈ బ్యాండ్‌లో లైసెన్సు లేకుండా వాడుకునే మేరను బాగా పెంచింది. ఇళ్లకు తేలికైనవి 36 నుంచి 48, 149 నుంచి 161. మధ్యలో 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకునే చానెళ్లు. రౌటర్ వాటిని వాడేముందు కనీసం ఒక నిమిషం చెవి పెట్టి వింటుంది, రాడార్ అలికిడి వినబడితే చానెల్ వదిలేస్తుంది. రౌటర్ ఆన్ చేయగానే 2.4 పేరు వచ్చి 5 పేరు ఆలస్యంగా వస్తుంటే అది పాడై కాదు, వింటోంది.

చోటు విషయంలో మన ఇళ్లకు సొంత శత్రువులున్నారు. ఉక్కు బీరువా, దాని అద్దం, టీవీ వెనక గూడు, ఫ్రిజ్ పైభాగం, చేపల తొట్టి. లోహం వైఫైని తిప్పికొడుతుంది, నీళ్లు మింగేస్తాయి. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు రెండు దాటాక 5 గిగాహెర్ట్జ్ మీద ఆశ పెట్టుకోకూడదు. స్లాబు అంతకంటే మొండిది, అందులో ఇనుప చువ్వల వల ఉంటుంది. హాలుకూ గదులకూ నడుమ, తలెత్తు కంటే కాస్త పైన, చుట్టూ గాలి ఆడేలా పెడితే ఖర్చు లేకుండా వేగం పెరుగుతుంది. నిలబెట్టిన యాంటెన్నా సిగ్నల్ పక్కలకు పరుచుకుంటుంది, పైకీ కిందకీ తక్కువ. డూప్లెక్స్ ఇంట్లో ఒక యాంటెన్నాను పడుకోబెట్టి చూడడానికి ఇదే కారణం.

సిగ్నల్‌ను గీతలతో కాక డీబీఎంలో, అంటే బలాన్ని కొలిచే అంకెల్లో, చూపించే ఉచిత యాప్‌లు ఉన్నాయి. మైనస్ 50 అంటే బ్రహ్మాండం. వీడియో కాల్ తడబడకుండా సాగాలంటే మైనస్ 67 కంటే దిగకూడదు. మైనస్ 80 దగ్గర పేరు కనబడుతుంది, పని జరగదు. కంప్యూటర్ పెట్టే చోటే నిలబడి కొలవాలి, రౌటర్ పక్కన నిలబడి కాదు.

వెనక గదికి అందకపోతే రిపీటర్ కొనమనే సలహా వస్తుంది. ఒకే రేడియోతో విని, మళ్లీ అదే రేడియోతో చెప్పే చవక రిపీటర్ వేగాన్ని సగం చేస్తుంది. పైగా దాన్ని తెచ్చి సిగ్నల్ లేని గదిలోనే పెడతారు. తనకే వినబడనిది అది ఏం చెబుతుంది? ఒక లాన్ కేబుల్ లాగి అటువైపు యాక్సెస్ పాయింట్ పెడితే ఈ బెడద ఉండదు. రెండు చోట్లా వైఫై పేరు, పాస్‌వర్డ్, భద్రతా రకం ఒకటే ఉంచి, చానెళ్లు వేర్వేరుగా పెట్టాలి. అప్పుడు ఫోన్ నడుస్తూ నడుస్తూ దగ్గరి దానికి మారుతుంది.

ఆ కేబుల్ గురించి నాలుగు మాటలు. క్యాట్ 5ఈ చాలు, క్యాట్ 6 అయితే ఇంకా మంచిది, 100 మీటర్ల దాకా నడుస్తుంది. చవక కేబుళ్లలో రాగికి బదులు అల్యూమినియం తీగ మీద రాగి పూత ఉంటుంది. అది వంచినచోట విరుగుతుంది. క్లిప్పు కొట్టేటప్పుడు రంగుల వరుస రెండు చివరలా ఒకటే: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. 100 ఎంబీపీఎస్‌కు ఇందులో 1, 2, 3, 6 తీగలు చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. నీలం జత గానీ గోధుమ జత గానీ సరిగ్గా కూర్చోకపోతే కేబుల్ చచ్చిపోదు, నోరెత్తకుండా 100కు దిగిపోతుంది. కొత్త గిగాబిట్ రౌటర్ పెట్టినా స్పీడ్ టెస్ట్ 94 దగ్గరే నిలబడితే రౌటర్‌ను కాదు, క్లిప్పును చూడాలి.

పాస్‌వర్డ్ సంగతి. వైఫై తాళాల్లో రకాలున్నాయి. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్, లేదా పాత పరికరాలకూ దారి ఉంచే డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 మిశ్రమం పెట్టాలి. వెప్ అనే పాత పద్ధతి గుట్టు 2001లోనే రట్టయింది. పాస్‌వర్డ్ బదులు అంకెతో వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ పిన్‌ను ఆపేయాలి. అది చూడడానికి ఎనిమిదంకెలే కానీ రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, ఆఖరి అంకె ముందువాటి నుంచి లెక్కగట్టేదే. కాబట్టి ప్రయత్నించాల్సినవి కోటి కాదు, 11,000. ఈ లోపం 2011లో బయటపడింది. పాస్‌వర్డే లేకుండా వదిలేస్తే ఏమవుతుందో 2008 జులైలో దేశమంతా చూసింది. అహ్మదాబాద్ పేలుళ్ల బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబైలో ఒకరి ఇంటి తాళం లేని వైఫై నుంచి వెళ్లింది, పోలీసులు ముందు ఆ ఇంటి తలుపే తట్టారు.

కంప్యూటర్లు ఒకదానికొకటి కనబడకపోతే

నెట్ అందరికీ వస్తోంది, కానీ ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్ మరోదానికి కనబడదు. ముందు రెండింటి చిరునామాలు చూడాలి. ఒకటి 192.168.1లో, మరొకటి 192.168.5లో ఉంటే అవి డబుల్ నాట్‌కు చెరో పక్కన ఉన్నాయి. రెండూ ఒకే వరుసలో ఉంటే ఒకటి గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉందేమో, రౌటర్‌లో ఏపీ ఐసొలేషన్ ఆన్‌లో ఉందేమో చూడాలి. ఆ రెండూ పరికరాలను ఒకదాన్నుంచి ఒకటి దాచడానికే పుట్టాయి. ఆ తర్వాత విండోస్. వైఫైకి తొలిసారి కలిసినప్పుడు అది ఆ నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గా లెక్కేస్తే బస్టాండులో ఉన్నట్టే తలుపులు మూసుకుని కూర్చుంటుంది. సెట్టింగుల్లో ప్రైవేట్ అని మార్చాలి.

ప్రింటర్‌కు చిరునామా మారుతూ ఉంటే రోజుకో కంప్యూటర్‌కు అది ఆఫ్‌లైన్ అవుతుంది. డీహెచ్‌సీపీలో రిజర్వేషన్ అనే చోట దాని మ్యాక్‌కు ఒక అంకె కేటాయిస్తే చాలు. ఫోన్లకు ఈ చిట్కా అన్నిసార్లూ పారదు, ఇప్పటి ఫోన్లు వైఫైకి తమ అసలు మ్యాక్ బదులు కల్పించిన మ్యాక్ చెబుతాయి.

నెట్ రానప్పుడు

ఒక్కొక్కటీ వరుసగా చూసుకుంటూ నడవాలి. ముందు ఓఎన్‌టీ లైట్లు. పాన్ (PON) అని రాసిన లైటు నిలకడగా వెలగాలి. ఎల్‌ఓఎస్ (LOS) అని రాసిన లైటు ఎర్రగా ఉంటే వెలుతురే రావట్లేదు, రౌటర్‌లో ఏం మార్చినా అది వృథా శ్రమ. తీగ మడత పడిందేమో, తలుపు సందులో నలిగిందేమో, ఎలుక కొరికిందేమో చూసి ఆపరేటర్‌కు చెప్పాలి. లైటు పచ్చగానే ఉండి నెట్ మాటిమాటికీ తెగుతుంటే ఓఎన్‌టీ పేజీలో ఆప్టికల్ పవర్ చూడవచ్చు. మైనస్ 27 డీబీఎం దగ్గరికి దిగితే తీగ అంచున వేలాడుతున్నట్టే. ఆకుపచ్చ కనెక్టర్ అంచు ఏటవాలుగా, నీలం కనెక్టర్ అంచు సమంగా ఉంటాయి. ఒకదాంట్లో మరొకటి దూర్చితే వెలుతురు అక్కడే చాలా పోతుంది.

లైట్లు బాగుంటే కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టాలి. చిరునామా 169.254తో మొదలైతే దానికి ఎవరూ చిరునామా ఇవ్వలేదు: డీహెచ్‌సీపీ ఆగింది, లేదా కేబుల్ ఊడింది. సరైన చిరునామా ఉంటే గేట్‌వేను, అంటే రౌటర్ చిరునామా 192.168.1.1ను, పింగ్ చేయాలి, అంటే పలకరించి జవాబు వస్తుందో చూడాలి. జవాబు వస్తే ఇంట్లో దారి బాగున్నట్టే. తర్వాత బయట ఉన్న గూగుల్ సర్వర్ చిరునామా 8.8.8.8. అక్కడికి రాకపోతే తప్పు వాన్‌లోనో ఆపరేటర్ దగ్గరో ఉంది. అది వచ్చి కూడా సైట్లు తెరుచుకోకపోతే పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ పడుకుంది, రౌటర్‌లో వేరే డీఎన్ఎస్ ఇచ్చి చూడాలి. గేట్‌వే పింగ్ లాన్ కేబుల్ మీద 1 మిల్లీసెకనులో వచ్చి, వైఫై మీద ఒకసారి 3, ఒకసారి 300 అంటే మొదట్లో చెప్పిన తేడా కంటికి కనబడుతుంది: నెట్ బాగానే ఉంది, గాలే బాగాలేదు.

ఇంటి సీసీ కెమెరాను ఊరి నుంచి చూడాలని పోర్ట్ ఫార్వర్డింగ్ చేసి, అంటే బయటివాళ్లు లోపలికి రావడానికి రౌటర్‌లో తలుపు తెరిచి, విసిగిపోయేవారు రౌటర్ వాన్ చిరునామా ఒకసారి చూడాలి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే ఆపరేటర్ కూడా తన దగ్గర ఒక నాట్ నడుపుతున్నాడు. ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్లు పంచుకుంటున్నాయి. ఇంటి రౌటర్‌లో ఎన్ని తలుపులు తెరిచినా వీధి గేటు మూసే ఉంటుంది. స్టాటిక్ ఐపీ కొనుక్కోవాలి, లేదా కెమెరా కంపెనీ యాప్‌తో సరిపెట్టుకోవాలి.

కరెంటు

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, ఆ రెండు మూడు నిమిషాల్లో ఇంటర్వ్యూ పోతుంది. రౌటర్‌కూ ఓఎన్‌టీకీ చిన్న డీసీ యూపీఎస్‌లు, అంటే అడాప్టర్ బదులు కరెంటిచ్చే బ్యాటరీ డబ్బాలు, దొరుకుతాయి. కొనేముందు రెండు అడాప్టర్ల మీదా వోల్టులు, ఆంపియర్లు చదవాలి. ఓఎన్‌టీలు ఎక్కువగా 12 వోల్టులవి, చిన్న రౌటర్లలో 9 వోల్టులవీ ఉన్నాయి. పిన్ను మాత్రం రెండింటికీ సరిపోతుంది! 9 వోల్టుల దానికి 12 పెడితే అది కాలవచ్చు. 12 వోల్టుల దానికి 9 పెడితే లైట్లు వెలుగుతాయి, కాస్త బరువు పడగానే రీస్టార్ట్ అవుతుంటుంది, నెట్ తెగుతోందని ఆపరేటర్‌ను తిడతాం. ఆంపియర్లు మాత్రం రాసినదానికంటే ఎక్కువ ఉన్నా ఫర్వాలేదు, తక్కువ ఉండకూడదు.

ఏదీ కుదరనప్పుడు చేయి రీసెట్ రంధ్రం మీదికి పోతుంది. పిన్నుతో పది సెకన్లు నొక్కితే వైఫై పేరుతో పాటు పీపీపీఓఈ యూజర్‌నేమ్, వీల్యాన్ నంబర్, క్లోన్ చేసిన మ్యాక్ కూడా చెరిగిపోతాయి. వాటిని ముందే రాసుకుని ఉంచకపోతే ఆదివారం రాత్రి ఆపరేటర్ ఫోన్ ఎత్తేదాకా ఆ ఇంట్లో వైఫై ఫుల్లుగా ఉంటుంది, నెట్ ఉండదు.